పాత కారు ప్లగ్గు గ్యాపు: సుంకి ఘాట్‌లో 800 మిస్సింగ్ కొడుతోంది

ఘాట్‌రోడ్డు_800 (సెమిలిగుడ)

అందరికీ నమస్కారం. నాది 1996 మారుతి 800, కార్బొరేటర్ (పెట్రోల్‌నీ గాలినీ కలిపి ఇంజనుకి పంపే భాగం) ఉన్న బండి. నాన్నగారు కొన్నది, ఇప్పటికీ ఇంట్లో అదే కారు. మూడు వారాల క్రితం స్పార్క్ ప్లగ్గులు (సిలిండర్లో పెట్రోల్‌కి నిప్పంటించేవి) మూడూ కొత్తవి వేయించాను. అప్పటినుంచే ఈ గొడవ మొదలైంది.

విజయనగరం నుంచి వస్తూ సాలూరు దాటి సుంకి ఘాట్ ఎక్కేటప్పుడు థర్డ్ గేర్‌లో యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే బండి లాగడం మానేసి గుక్కపట్టినట్టు కొట్టుకుంటోంది. సెకండ్‌కి దించి మెల్లగా తొక్కితే ఎక్కుతుంది. చదును రోడ్డు మీద ఏ ఇబ్బందీ లేదు. బండి నిలిపి ఇంజను స్లోలో ఉంచినా నిలకడగానే ఆడుతోంది. మెకానిక్ కార్బొరేటర్ విప్పి కడిగి, పెట్రోల్ ఫిల్టర్ మార్చి, "సబు ఠిక్ అఛి" (అంతా బాగానే ఉంది) అని తాళాలు చేతికిచ్చాడు. మళ్లీ వెళ్లాను, మళ్లీ అదే చోట అదే వరస. మొన్న అమ్మ కూడా బండిలో ఉంది. వెనకాల లోడు లారీ, మలుపు మధ్యలో బండి ఊగిపోతోంది. చాలా టెన్షన్ పడ్డాను. ఎక్కడ వెతకాలో చెప్పండి.

రాయగడ_పద్మిని (రాయగడ)

పెట్రోల్ పంపు డయాఫ్రం చూపించారా? మా ప్రీమియర్ పద్మిని కారుకి ఓసారి ఎత్తు మీద ఇలాగే పెట్రోల్ అందక ఆగిపోయేది. ఫిల్టర్ మార్చారు కాబట్టి తర్వాతి అనుమానం పంపే.

ఫిట్టర్_తాతయ్య (సునాబేడ)

బాబూ, పంపు సంగతి తర్వాత చూద్దాం. ప్లగ్గులు మార్చాకే మొదలైందని నువ్వే రాశావు కదా, ముందు వాటి దగ్గరే ఆగుదాం. పెట్రోల్ అందకపోతే బండి నెమ్మదిగా నీరసపడుతుంది, కాసేపు ఆగితే తేరుకుంటుంది. నువ్వు చెప్పేది అలా లేదు. తొక్కగానే టపటపా కొట్టుకుని, కాలు తీయగానే సర్దుకుంటోంది. ప్లగ్గులో నిప్పు పడకుండా తప్పిపోతున్నప్పుడు ఉండే తీరు ఇది.

రెండు విషయాలు చెప్పు. ప్లగ్గులు బిగించే ముందు గ్యాపు, అంటే నడిమి ఎలక్ట్రోడ్‌కీ దాని మీదికి వంగిన పక్క ఎలక్ట్రోడ్‌కీ మధ్య నిప్పు దూకే దూరం, ఎవరైనా కొలిచారా? ప్లగ్గు మీద తెల్ల పింగాణీ భాగంలో రాసిన నంబరు ఏమిటి? ఒక్క అక్షరం కూడా వదలకుండా రాయి.

ఘాట్‌రోడ్డు_800

తాతయ్యగారూ, కొలవలేదు. కొత్త ప్లగ్గులు ప్యాకెట్‌లోనే సెట్ చేసి వస్తాయని మెకానిక్ అన్నాడు. ఖాళీ డబ్బా దాచాను, దాని మీద ఇలా ఉంది: ఎన్‌జీకే బీపీఆర్5ఈఎస్-11.

ఫిట్టర్_తాతయ్య

ఆ చివరి 11 దగ్గరే ఉంది చిక్కు.

ఆ నంబరు ఎలా చదవాలో చెప్తాను, అందరికీ పనికొస్తుంది. మొదటి బీ అంటే మర 14 మిల్లీమీటర్లు. పీ అంటే లోపలి పింగాణీ మొన కాస్త బయటికి పొడుచుకొచ్చిన రకం. ఆర్ అంటే లోపల రెసిస్టర్ ఉంది, రేడియోలో గరగర రాకుండా. 5 వేడి నంబరు, ప్లగ్గు మొన తన వేడిని ఎంత త్వరగా వదిలించుకుంటుందో చెప్పేది; త్వరగా వదిలేది చల్లని రకం. ఎన్‌జీకేలో ఈ నంబరు పెరిగేకొద్దీ ప్లగ్గు చల్లని రకం అవుతుంది. బాష్‌లో దీనికి తిరగబడి ఉంటుంది, నంబరు పెరిగితే వేడి రకం. కంపెనీ మార్చేటప్పుడు అది మరిచిపోకూడదు. ఈ అంటే మర పొడవు 19 మిల్లీమీటర్లు. ఎస్ అంటే మామూలు ఎలక్ట్రోడ్. చివర గీత పెట్టి రాసిన 11 అంటే ఫ్యాక్టరీలోనే 1.1 మిల్లీమీటర్ల గ్యాపు పెట్టి పంపిన ప్లగ్గు.

నీ కార్బొరేటర్ 800కి కావలసింది 0.7 నుంచి 0.8. చివర 11 లేని బీపీఆర్5ఈఎస్ అడిగి ఉంటే సరిపోయేది. మరలో పట్టేస్తుంది, పొడవూ వేడీ అన్నీ ఒకటే. అందుకే కొట్టువాడు ఇచ్చేశాడు, మెకానిక్ బిగించేశాడు. ప్యాకెట్‌లో సెట్ చేసి వస్తుందన్నది అబద్ధం కాదు. కానీ ఏ బండికి సెట్ చేసి వచ్చిందో చూసుకోవాలి.

బరంపురం_గ్యారేజి (బరంపురం)

తాతయ్యగారికి నమస్కారం. నేను గ్యారేజీలో పనిచేసేవాణ్ణి. మా గురువు నేర్పింది ఒకటే. హ్యాక్సా బ్లేడు పెట్టి చూడు, బిగుతుగా దూరితే గ్యాపు కరెక్టు. అంబాసిడర్, ఫియట్, 800, ఏ బండైనా ఇదే పద్ధతి. ఇన్నేళ్లలో ఒక్క బండి తిరిగి రాలేదు. ఈ అక్షరాలన్నీ చదువుకుంటూ కూర్చుంటే రోజుకు రెండు బండ్లు కూడా తెమలవు.

పర్లా_అంబాసిడర్ (పర్లాకిమిడి)

అన్నా, అంబాసిడర్ వరకూ మీ మాట నిజం. మా నాన్న పర్లాకిమిడి, పాతపట్నం మధ్య టాక్సీ నడిపేవారు. పెట్రోల్ అంబాసిడర్, పాత 1489 సీసీ ఇంజను. దానికి ప్లగ్గు గ్యాపు 25 థౌ (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు), అంటే 0.635 మిల్లీమీటర్లు. డిస్ట్రిబ్యూటర్ లోపల కరెంటు తెంచే పాయింట్ల మధ్య గ్యాపు 14 నుంచి 16 థౌ. నాన్న డ్యాష్‌బోర్డు అరలో విరిగిన హ్యాక్సా ముక్క ఒకటి ఎప్పుడూ ఉండేది. ఆ బండి ఇప్పుడు నా దగ్గర ఉంది, ఆ ముక్కా ఉంది. అయితే 800కి అదే ముక్క పనికొస్తుందా అన్నది తాతయ్యగారు చెప్పాలి.

ఫిట్టర్_తాతయ్య

గ్యారేజి తమ్ముడూ, మీ గురువుగారు నేర్పింది తప్పు కాదు. ఆయన రోజుల్లో ముందుకొచ్చే బండి దాదాపు ఎప్పుడూ అంబాసిడరే. నేను ఇంజన్ల ఫ్యాక్టరీలో ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యాను, మైక్రోమీటర్ ఇంట్లోనే ఉంది. ఇప్పుడే లేచి నా హ్యాక్సా బ్లేడు కొలిచాను. పళ్లు లేని వీపు వైపు 0.64 వచ్చింది. 25 థౌకి అచ్చంగా సరిపోయే మందం. పళ్ల వైపు మాత్రం కొలవకూడదు. పళ్లు అటూ ఇటూ వంచి ఉంటాయి కాబట్టి అక్కడ మందం ఎక్కువ. ఒకడు వీపు పెట్టి, ఇంకొకడు పళ్లు పెట్టి చూస్తే ఒకే బ్లేడుకి రెండు గ్యాపులు వస్తాయి.

800కి 0.64 ఇరుకు. ఇరుకైతే నిప్పు తేలిగ్గా దూకుతుంది, అందుకే బండి స్టార్ట్ అవుతుంది, ఎవరూ తిరిగి రారు. కానీ ఆ నిప్పు పొట్టిది. దాని చుట్టూ పుట్టే చిన్న మంటముద్ద వేడిని రెండు ఎలక్ట్రోడ్లూ లాగేసుకుంటాయి. పెట్రోల్, గాలి మిశ్రమం పల్చగా ఉన్నప్పుడు, స్లోలో ఉన్నప్పుడు మంట అంటుకోక ఒక్కోసారి తప్పిపోతుంది. బండి నిలబడి ఉంటే సన్నగా వణుకుతుంది. ఓనరు అది పాత బండి లక్షణం అనుకుని ఊరుకుంటాడు.

గుణుపురం_మాస్టారు (గుణుపురం)

నేను ఫిజిక్స్ చెప్తాను. ఘాట్‌లోనే ఎందుకు వస్తోందన్నదానికి నాకు తెలిసింది రాస్తాను.

గాలిలో నిప్పు దూకాలంటే ఎంత వోల్టేజీ కావాలన్నది రెండింటి మీద ఆధారపడుతుంది. ఒకటి గ్యాపు, రెండు ఆ గాలి ఎంత ఒత్తిడిలో ఉందన్నది. 1889లో పాషెన్ అనే జర్మన్ శాస్త్రవేత్త కొలిచి చూపించిన సంగతి ఇది. గ్యాపు పెరిగినా, ఒత్తిడి పెరిగినా వోల్టేజీ ఎక్కువ కావాలి. రెండూ పెరిగితే ఒకదానితో ఒకటి హెచ్చించినట్టు పెరుగుతుంది.

చదును రోడ్డు మీద కాలు సగమే నొక్కుతాం. కార్బొరేటర్ రేకు సగమే తెరుచుకుంటుంది, సిలిండర్లోకి గాలి తక్కువ వెళ్తుంది. పిస్టన్ పైకొచ్చేసరికి ఒత్తిడి మరీ ఎక్కువ ఉండదు. 1.1 అయినా కాయిల్ (ప్లగ్గుకి ఎక్కువ వోల్టేజీ ఇచ్చే భాగం) ఎలాగో నెట్టుకొస్తుంది. ఘాట్‌లో థర్డ్ గేర్‌లో పూర్తిగా తొక్కితే సిలిండర్ నిండా గాలి. అదే 1.1 దాటడానికి కాయిల్ శక్తి చాలదు. సెకండ్‌కి దించి మెల్లగా తొక్కితే మళ్లీ ఒత్తిడి తగ్గుతుంది, నిప్పు దూకుతుంది. మీరు మొదటి పోస్టులో రాసిన లక్షణాలన్నీ ఇందులో ఇమిడిపోతున్నాయి.

ఇంకో చిన్న ప్రయోగం చెప్తాను. గ్యాస్ స్టవ్ లైటర్ నొక్కి చూడండి, మొన దగ్గర ఎంత చిన్న దూరం దూకుతుందో. అది గదిలోని మామూలు గాలిలో. సిలిండర్లో పిస్టన్ నొక్కిపెట్టిన గాలి అంతకు ఎన్నో రెట్లు చిక్కన.

ఘాట్‌రోడ్డు_800

మాస్టారూ, ఇప్పుడు నాకు అర్థమైంది. నేనే విప్పి కొలుద్దామనుకుంటున్నాను. ఎప్పుడూ చేయలేదు. తాతయ్యగారూ, మొదటినుంచి చెప్పగలరా?

ఫిట్టర్_తాతయ్య

చెప్తాను, తొందరపడకు.

ఇంజను పూర్తిగా చల్లారాకే ముట్టుకో. నీ బండి హెడ్ అల్యూమినియం. వేడిగా ఉన్నప్పుడు ప్లగ్గు తిప్పితే మర చెడిపోతుంది. ప్లగ్గు వైర్లకి 1, 2, 3 అని చిన్న కాగితపు పట్టీలు అంటించు. నీ బండిలో నిప్పు పడే వరస 1-3-2. వైరు తారుమారైతే ఇంకో కొత్త గొడవ. తొడుగు పట్టుకుని లాగు, వైరు పట్టుకుని లాగకు. ప్లగ్గు చుట్టూ గుంటలో దుమ్ము ఉంటుంది, సైకిలు పంపుతో ఊదేసెయ్. లేకపోతే ప్లగ్గు తీయగానే ఆ ఇసుక సిలిండర్లో పడుతుంది. 21 నంబరు ప్లగ్ స్పానర్ నిటారుగా పెట్టి తిప్పు. వాలిపోతే పింగాణీ పగులుతుంది.

గ్యాపు కొలవడానికి ఫీలర్ గేజ్ (వేర్వేరు మందాల సన్నని రేకుల కట్ట) కొనుక్కో, ఆటో సామాన్ల కొట్లో దొరుకుతుంది. కొత్త ప్లగ్గుకి రేకు గేజ్ చాలు. వాడిన ప్లగ్గుకి తీగ గేజ్ మంచిది. వాడిన కొద్దీ పక్క ఎలక్ట్రోడ్ మీద సన్నని గుంట పడుతుంది. చదునైన రేకు ఆ గుంట అంచుల మీద కూర్చుని గ్యాపు తక్కువ చూపిస్తుంది. తీగ గుంటలోకి దిగి నిజం చెప్తుంది.

0.75 రేకు దూర్చి మెల్లగా లాగు. రెండు వైపులా లోహం ఆనుకుని, చిన్నగా పట్టి వదిలినట్టు చేతికి తెలియాలి. గాలిలో ఆడినట్టు వచ్చేస్తే వెడల్పు. తర్వాత 0.80 పెట్టు, అది బలవంతం చేస్తే తప్ప దూరకూడదు. 0.70 వదులుగా జారిపోవాలి. ఈ మూడూ సరిపోతే గ్యాపు సరిగ్గా ఉన్నట్టు.

వంచాల్సింది పక్క ఎలక్ట్రోడ్ ఒక్కదాన్నే. తగ్గించాలంటే దాని వీపుని ఒక చెక్క మీద ఆన్చి సుతిమెత్తగా తట్టు. ఒకే దెబ్బతో వద్దు, తట్టు, కొలువు, మళ్లీ తట్టు. పెంచాలంటే గేజ్‌తో వచ్చే కొక్కెంతో దాన్ని మాత్రమే పైకి లాగు. స్క్రూడ్రైవర్‌ని నడిమి ఎలక్ట్రోడ్ మీద ఆన్చి ఎత్తకు, లోపలి పింగాణీ పగిలిపోతుంది. పగిలింది కంటికి కనపడదు, నిప్పు అటే పారిపోతుంది.

బిగించేటప్పుడు మొదటి చుట్లు చేత్తోనే. స్పానర్ వద్దు. చేతికి బిగుతు తెలిసేదాకా తిప్పాక, కొత్త ప్లగ్గయితే స్పానర్‌తో అర చుట్టు నుంచి మూడింట రెండు వంతుల చుట్టు చాలు. ఒకసారి బిగించి తీసిన ప్లగ్గయితే రింగు అప్పటికే నలిగి ఉంటుంది కాబట్టి చుట్టులో పన్నెండో వంతు చాలు. టార్క్ రెంచ్ ఉంటే 25 నుంచి 30 న్యూటన్ మీటర్లు.

సిరొంచ_గోదారి (సిరొంచ, గడ్చిరోలి జిల్లా)

చేత్తోనే మొదలుపెట్టమన్న మాట దయచేసి వినండి. మా పాత మారుతి జెన్ కారుకి ఒక చోట ప్లగ్గు మార్చారు. కుర్రవాడు మొదటినుంచే స్పానర్ పెట్టి తిప్పేశాడు. మర అడ్డంగా ఎక్కింది. నెల తర్వాత రోడ్డు మీద పెద్ద చప్పుడుతో ప్లగ్గు బయటికొచ్చేసింది. హెడ్ విప్పి, పాత మర తీసేసి, లోపల కొత్త మర దింపించాల్సి వచ్చింది. రెండు వారాలు బండి లేదు. నేను అప్పటినుంచి ప్లగ్గు మొనకి పాత రబ్బరు గొట్టం ముక్క తొడిగి, ఆ గొట్టంతో తిప్పుతాను. మర తప్పుగా ఎక్కితే గొట్టమే జారిపోతుంది, ప్లగ్గు తిరగదు.

ఘాట్‌రోడ్డు_800

ఈ ఆదివారం పొద్దున్న విప్పాను. గొట్టం ఉపాయం చాలా బాగా పనిచేసింది, సిరొంచ అన్నకి కృతజ్ఞతలు.

1వ ప్లగ్గు 1.10. 3వది 1.10. రెండోది 0.95, దాని పక్క ఎలక్ట్రోడ్ కాస్త పక్కకి తిరిగి ఉంది. మూడూ నల్లగా పొడి మసితో ఉన్నాయి. వేలితో రాస్తే కాటుకలా అంటుతోంది.

ఫిట్టర్_తాతయ్య

రెండోది బిగించే ముందు చేతిలోంచి కింద పడి ఉంటుంది. మొన మీద పడితే ఎలక్ట్రోడ్ అలాగే ఒరుగుతుంది. పడిన ప్లగ్గుని మళ్లీ కొలవకుండా బిగించకూడదు, పింగాణీ పగిలిందేమో అన్న అనుమానంతో నేనైతే అసలు వాడను.

మసికి రెండు కారణాలు. నిప్పు పడని ప్రతిసారీ పెట్రోల్ సరిగా కాలక మసి పేరుకుంటుంది, అది ఒకటి. రెండోది మన కొండ. ఇక్కడ మనం దాదాపు 900 మీటర్ల ఎత్తులో ఉన్నాం, గాలి పల్చన. కార్బొరేటర్‌కి ఆ సంగతి తెలియదు, పెట్రోల్ కిందిలాగే పోస్తుంది. సాలూరులో సెట్ చేసిన బండి ఇక్కడికొస్తే మిశ్రమం కాస్త చిక్కనవుతుంది. గ్యాపు సరిచేసి రెండొందల కిలోమీటర్లు తిరిగాక మళ్లీ తీసి చూడు. మొన లేత గోధుమరంగులో ఉంటే బాగున్నట్టు. జిడ్డుగా నల్లగా ఉంటే ఆయిల్ పైకొస్తున్నట్టు. సున్నంలా తెల్లబడి బొబ్బలుంటే ఇంజను మితిమీరి వేడెక్కుతున్నట్టు, వెంటనే చూపించాలి.

ఘాట్‌రోడ్డు_800

ఈ 1.1 ప్లగ్గులనే తట్టి 0.75కి తేనా? సెమిలిగుడలో చివర 11 లేనివి దొరకలేదు.

బరంపురం_గ్యారేజి

తెచ్చెయ్ తమ్ముడూ, మేం రోజూ చేస్తాం.

ఫిట్టర్_తాతయ్య

అత్యవసరానికి సరే, ఎప్పటికీ వద్దు. 0.35 మిల్లీమీటర్లు చిన్న సంఖ్యలా కనిపిస్తుంది కానీ అంత వంచితే పక్క ఎలక్ట్రోడ్ నడిమి దానికి సమాంతరంగా ఉండదు. మొన కిందికి వాలి, ఒక అంచు దగ్గరే నిప్పు పడి ఆ అంచే త్వరగా అరిగిపోతుంది. 0.2 దాకా వంచడం వరకూ పర్వాలేదు. జయపురంలో అడుగు, లేకపోతే విజయనగరం వెళ్లినప్పుడు తెచ్చుకో. కొట్లోనే గేజ్ పెట్టి చూసి కొను.

ఘాట్‌రోడ్డు_800

జయపురంలో దొరికాయి. చివర 11 లేని బీపీఆర్5ఈఎస్. కొట్లోనే కొలిచాను. రెండు 0.80, ఒకటి 0.75. మూడూ 0.75కి తెచ్చి బిగించాను. నిన్న సాలూరు వెళ్లి వచ్చాను. ఘాట్ మొత్తం థర్డ్‌లో ఎక్కింది. మొన్న ఊగిపోయిన ఆ మలుపు దగ్గర కావాలనే పూర్తిగా తొక్కాను, ఒక్కసారి కూడా కొట్టుకోలేదు.

ఒక్కటే మిగిలింది. సుంకి దాటాక తుంపర మొదలైంది. అక్కడినుంచి పొట్టంగి దాకా రెండు మూడుసార్లు సన్నగా మిస్ అయింది. తడి లేనప్పుడు లేదు.

పర్లా_అంబాసిడర్

ప్లగ్గు వైరు చూడండి. చీకట్లో, బండి స్లోలో ఉంచి, బానెట్ ఎత్తి దూరం నుంచి చూడండి. వైరు పగుళ్లిస్తే నీలంగా గీతలు మెరుస్తాయి. చేత్తో మాత్రం ముట్టుకోవద్దు, షాక్ గట్టిగా కొడుతుంది. నిప్పు పడుతోందో లేదో చూడ్డానికి నడుస్తున్న బండిలో వైరు పీకే అలవాటు కూడా వద్దు. పాయింట్లు లేని ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ బండ్లలో లోపలి యూనిట్ కాలిపోవచ్చు.

గుణుపురం_మాస్టారు

దీనికీ గ్యాపుకీ సంబంధం ఉంది. మూడు వారాలు ఆ వైర్లు 1.1 దూకించేంత వోల్టేజీ మోశాయి. గ్యాపు దగ్గర దారి కష్టమైతే కరెంటు ఎక్కడ బలహీనంగా ఉంటే అక్కడ దారి వెతుక్కుంటుంది. ఒకసారి తొడుగులో కాలిన గీత పడితే, గ్యాపు సరిచేసినా తడిలో ఆ దారి తెరుచుకునే ఉంటుంది.

ఘాట్‌రోడ్డు_800

రాత్రి చూశాను. రెండో సిలిండర్ తొడుగు అంచున వెంట్రుకంత నీలి గీత, టిక్ టిక్ మని చప్పుడు. స్ప్రే సీసాతో దగ్గర్లో కాస్త నీటి ఆవిరి కొట్టగానే గీత పెద్దదైంది. పొద్దున్న తొడుగు విప్పి చూస్తే లోపల పెన్సిల్‌తో గీసినట్టు నల్లటి చార ఉంది. వైర్ల సెట్టు మొత్తం మార్చాను. ఇవాళ మధ్యాహ్నం ఇక్కడ గట్టి వాన, కోరాపుట్ దాకా వెళ్లి వచ్చాను. బండి ఎక్కడా తడబడలేదు.

బరంపురం_గ్యారేజి

ఈ చర్చ చదివాక నేనూ ఫీలర్ గేజ్ కొన్నాను. నిన్న, ఇవాళ వచ్చిన రెండు 800లు కొలిచాను. రెండూ నేను బ్లేడుతో పెట్టినవే, 0.65 దగ్గర ఉన్నాయి. రెండింటి ఓనర్లూ స్లోలో వణుకుతోందని ఎప్పటినుంచో చెప్తూనే ఉన్నారు, నేను ఇంజను కింది మౌంటింగ్ రబ్బర్లు పోయాయనుకున్నాను. 0.75 పెట్టి ఇచ్చాను, వణుకు బాగా తగ్గింది. తాతయ్యగారూ, బ్లేడు అంబాసిడర్లకి ఉంచుకుంటాను.

రాయగడ_పద్మిని

ఎన్ని కిలోమీటర్లకి ఒకసారి చూసుకోవాలి?

ఫిట్టర్_తాతయ్య

మామూలు నికెల్ ప్లగ్గుకి నా అలవాటు 5,000కి ఒకసారి తీసి చూడడం. నిప్పు పడ్డ ప్రతిసారీ ఎలక్ట్రోడ్ కొద్దికొద్దిగా అరుగుతుంది, గ్యాపు దానంతటదే వెడల్పవుతుంది, ఎప్పుడూ తగ్గదు. ఇరీడియం ప్లగ్గు వేసుకున్నవాళ్లు రేకు గేజ్ దూర్చవద్దు, ఆ సన్నని మొన విరుగుతుంది. పాయింట్లున్న బండయితే ముందు పాయింట్ గ్యాపు, ఆ తర్వాత టైమింగ్ (నిప్పు పడే సమయం). పాయింట్ గ్యాపు మారితే టైమింగ్ కూడా మారిపోతుంది కాబట్టి ఆ వరస తప్పకూడదు. మీ పద్మినికి మాన్యువల్లో ఎంత రాసి ఉందో చూసి ఇక్కడ పెట్టండి, 800 లెక్క దానికి వాడకండి.

రాయగడ_పద్మిని

మాన్యువల్ అటక మీద ఉంది. రేపు దింపి ఆ పేజీ ఫోటో పెడతాను.